డబ్బిచ్చినా కనబడని నయాగరా, ఉచితంగా కనబడిన నయాగరా

హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆగస్టులో నయాగరాకు తీసుకువెళ్ళినప్పుడు, "జలపాతం కనిపించే గది" అన్న ప్రకటనను నమ్మి, అమెరికా ఒడ్డున ఉన్న ఒక హోటలుకు పన్నులు కాక 189 డాలర్లు కట్టాను. కిటికీ తెర తీస్తే ఎదురైంది కార్ల పార్కింగు గోడ, దాని మీదుగా లేచే కాస్త తుంపర. ఇదేమిటని అడిగితే, ఆ తుంపర జలపాతానిదే కదా అని కౌంటరులోని అమ్మాయి నవ్వింది. మరునాడు రిసార్టు ఫీజు కింద 34, కారు నిలిపినందుకు 30 డాలర్లు అదనంగా వేశారు. ఈతకొలనుకు తాళం వేసిన చోట రిసార్టు ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

గుర్రపు నాడాలా వంగిన పెద్ద జలపాతాన్ని ఎదురుగా చూడాలంటే కెనడా వైపు వెళ్ళాలి, అందుకు అమ్మానాన్నల అమెరికా వీసా చాలదు. అందుకని అమెరికా వైపే ఉన్న గోట్ ఐలాండ్‌లోని టెర్రాపిన్ పాయింట్ దగ్గర, నీరు దూకే అంచు పక్కన నిలబడి చూశాం. "సాగర్ గేట్లు ఎత్తితే ఇంతకన్నా బాగుంటుంది" అని నాన్నగారు ముక్తసరిగా తేల్చేసి, వాషింగ్టన్ దాకా నోరు విప్పలేదు.

వాషింగ్టన్‌లో స్మారకాలు ఒక పూటలో అయిపోయాయి. మరునాడు వాన పట్టుకుంటే నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ వెస్ట్ బిల్డింగ్‌లో దూరాం. అమెరికన్ చిత్రకారుడు ఫ్రెడరిక్ ఎడ్విన్ చర్చ్ 1857లో వేసిన 'నయాగరా' అక్కడ ఉంది. ఏడున్నర అడుగుల వెడల్పున్న ఆ చిత్రం, మేము చేరలేకపోయిన కెనడా వైపు నుంచి చూసి వేసినది. మనం నిలబడేందుకు ముందువైపు ఒడ్డన్నదే వేయకపోవడం వల్ల, ఆకుపచ్చని నీరు మన పాదాలను తాకుతూ అంచుకు జారిపోతున్నట్టుంటుంది. ప్రవాహంలో చిక్కుకున్న చెట్టు మోడు, తెగితెగి కనిపించే ఇంద్రధనుస్సు, దూరాన ఆవలి ఒడ్డున చిన్న బురుజు తప్ప కంటికి వేరే ఆసరా లేదు. ఆ బురుజు ఒకప్పుడు మేము నిలబడిన టెర్రాపిన్ పాయింట్ దగ్గరే ఉండేదని చెప్పగానే, నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ దగ్గరకు వెళ్ళి కాపలాదారు చేత మందలింపు తిన్నారు.

1857లో న్యూయార్కులో దీన్ని చూడటానికి జనం మనిషికి 25 సెంట్లు ఇచ్చారట. ఇప్పుడు ప్రవేశం ఉచితం, పది నుంచి అయిదు దాకా ఎంతసేపైనా కూర్చోవచ్చు. నాన్నగారు నలభై నిమిషాలు కదలలేదు. "అక్కడి హోరులో ఏమీ తోచలేదురా, ఇక్కడ నీళ్ళు ఎటు పోతున్నాయో తెలుస్తోంది" అన్నారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు కెనడా వీసా ముందే తీసుకోండి. కుదరకపోతే గ్యాలరీలో ఈ చిత్రం ఉన్న గదిని మాత్రం వదలకండి.

అమ్మ మాత్రం బయటికి వస్తూ, హోటలు వాళ్ళను ఆ 253 డాలర్లూ తిరిగి అడిగావా అంది.