ఏసీ గ్రిల్ చుట్టూ బూజు: రెండేళ్లు తేమ మీటర్ వాడాక

మా పడకగదిలో ఫాల్స్ సీలింగ్ నుంచి గాలి వచ్చే డక్ట్ ఏసీ ఉంది. గ్రిల్ అంచున మొదట ఆవగింజలంత నల్ల చుక్కలు వచ్చాయి. దుమ్మేలే అనుకున్నాను. నెల తిరిగేసరికి అవన్నీ కలిసి గ్రిల్ చుట్టూ కాటుక దిద్దినట్టు తయారైంది. ఏసీ వేసిన మొదటి ఐదు నిమిషాలూ తడిసిన గోనెసంచి విప్పినట్టు ఒకటే ముక్కిన వాసన.

అందరిలాగే ముందు స్ప్రే కొన్నాను. కొట్టి తుడిస్తే గ్రిల్ మెరిసిపోయింది, మూడు వారాలకి చుక్కలు మళ్లీ హాజరు. ఇలా నాలుగుసార్లు. స్ప్రేకి ఐదుకి రెండు మార్కులు, అవీ మరక పోగొట్టినందుకే. బ్లీచింగ్ ఉన్న స్ప్రే వాడేవాళ్లకి ఒక్క మాట: దాన్ని యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలపకండి, విషవాయువు వస్తుంది.

నా టెన్షన్ తీర్చింది అరచేతిలో పట్టేంత తేమ మీటర్. మంచం పక్కన పెట్టి రెండేళ్లు దాటింది. దీనికి నాలుగున్నర మార్కులు. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, కొత్తలోనే అది అబద్ధం చెప్పింది. చిన్న మూతలో ఉప్పు వేసి, ముద్దలా అయ్యేంత నీళ్లు చిలకరించి, మీటర్‌తో పాటు జిప్ కవర్లో ఒక రాత్రంతా ఉంచాను. మీటర్ సరిగ్గా ఉంటే పొద్దున 75 శాతం చూపించాలి. నాది 79 చూపించింది. కింద చెప్పే అంకెలన్నీ ఆ నాలుగూ తీసేసినవే.

మొదటి రాత్రి గదిలో 27 డిగ్రీల వేడి, 68 శాతం తేమ. ఆ లెక్కన 21 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా గాలిలోని తేమ నీరుగా పేరుకుంటుంది. గ్రిల్ లోంచి వచ్చే గాలేమో 15 డిగ్రీలు కూడా ఉండదు. స్టూల్ ఎక్కి వేలితో రాస్తే చెమట పట్టినట్టు తడి! రోజూ రాత్రి తడుస్తున్న చోట స్ప్రే ఏం చేస్తుంది, పాపం.

తేమ 60 దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిది. అక్కడికి తేవడానికి రెండు పనులు చేశాను. ఫ్యాన్ స్విచ్ ఎప్పుడూ 'ఆన్'లో ఉండేది, 'ఆటో'కి మార్చాను. 'ఆన్'లో ఉంటే కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ తిరుగుతూ, గాలిని చల్లబరిచే కాయిల్ మీదున్న నీటిని ఆవిరి చేసి మళ్లీ గదిలోకే పంపుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ మార్పుతోనే వారంలో 58కి దిగింది. సర్వీసుకి వచ్చిన ఏ మెకానిక్కూ ఈ మాట చెప్పలేదు.

రెండోది గ్రిల్ విప్పాక బయటపడింది. డక్ట్‌కీ సీలింగ్ బోర్డుకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. టిష్యూ ముక్క పట్టుకుంటే రెపరెపలాడింది. సీలింగ్ పైనుండే ఉక్కగాలి ఆ సందులోంచి దిగి చల్లటి గ్రిల్‌కి తగులుతోందన్నమాట. అల్యూమినియం టేపుతో చుట్టూ మూసేశాను. ఒక మూల జిప్సమ్ బోర్డు వేలితో నొక్కితే మెత్తగా దిగింది. అలాంటిది తుడిచి లాభం లేదు, జానెడు ముక్క కోసి కొత్తది వేయించాల్సి వచ్చింది. డక్ట్ లోపలి పొర తడిసి బూజు పట్టినా అంతే, మార్చడమే.

ఇప్పుడు మామూలుగా 50, 52 మధ్య ఉంటోంది. గ్రిల్ తుడవడం దుమ్ముకే. మొన్న ఒక వానల వారంలో మాత్రం ఉన్నట్టుండి 64కి ఎక్కింది. చూస్తే డ్రెయిన్ పైపు జిగురు పట్టి మూసుకుపోయి, ట్రేలో నీళ్లు నిలిచాయి. అప్పటికింకా గ్రిల్ మీద ఒక్క చుక్కా రాలేదు.