బోరు మోటారుతో తొమ్మిదేళ్లు: ఏ కంపెనీ అన్నదాని కంటే ఎలా దించామన్నదే లెక్క

మా బత్తాయి తోటలో 5 హెచ్‌పీ త్రీ ఫేజు సబ్‌మెర్సిబుల్ (బోరు నీళ్లలో మునిగి ఉండే) మోటారు దించి 2025 జూన్‌కు తొమ్మిదేళ్లు నిండాయి. మాది నల్లగొండ వైపు. బోరు లోతు 320 అడుగులు, మోటారు ఉన్నది 240 అడుగుల దగ్గర. ఇన్నేళ్లలో మోటారు లోపలి తీగ చుట్ట, అంటే వైండింగ్, ఒక్కసారి కూడా కాలలేదు. 2021లో మాత్రం పైకి లేపి పంపులో ఇంపెల్లర్లు (నీళ్లను పైకి తోసే చక్రాలు), బుష్‌లు మార్పించాను. "ఏ కంపెనీది అన్నా?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ పేరు చెబితే వాళ్లకు పెద్దగా పనికిరాదు. ఎందుకంటే దీనికి ముందు మేం పోగొట్టుకున్న మోటారు కూడా అదే కంపెనీది.

పాతది ఎలా పోయిందో ముందు చెప్పాలి. దాన్ని నల్ల పైపు మీద, అంటే హెచ్‌డీపీఈ పైపు మీద దించారు. పైపును పంపుకు కలిపే నిపుల్‌కు రెండు క్లిప్పులు బిగించారు, తాడు కట్టలేదు. తాడు గురించి నేను అడిగితే "అవసరం లేదు తమ్మీ, కేబుల్ ఉంది కదా" అన్నాడు మేస్త్రి. మోటారు మొదలైన ప్రతిసారీ పంపు ఒక్క కుదుపు కుదిపి పైపును మెలితిప్పుతుంది. రోజుకు నాలుగైదుసార్లు అలా కుదిపితే క్లిప్పు వదులవుతుంది. 2016 మే నెలలో పైపు ఊడి, కేబుల్ తెగి, మోటారు బోరు అడుగుకు పోయింది. రెండు రోజులు కొక్కేలు వేసి వెతికారు, బయటికి రాలేదు. అడుగున ఉన్న ఆ ఇనుము ఇప్పటికీ అక్కడే ఉంది. అదృష్టం కొద్దీ దానిపైన ఇంకా లోతు మిగిలింది కాబట్టి అదే బోరు వాడుకోగలుగుతున్నాం.

అంతకు రెండు నెలల ముందే ఇంకో సంగతి జరిగింది. అది రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మా నాయిన తెల్లవారుజామున తడి మడిలోంచి వచ్చి, వట్టి కాళ్లతో స్టార్టర్ డబ్బా తలుపు పట్టుకున్నాడు. ఒక్కసారి విసిరి కొట్టినట్టు పక్కకు పడ్డాడు. చెయ్యి అంటుకుపోకుండా పక్కకు పడ్డాడు కాబట్టి బతికాడు. తర్వాత విప్పి చూస్తే, ఇనుప డబ్బాకు కొట్టిన రంధ్రం అంచు పదునుగా ఉంది. రబ్బరు గ్లాండు లేకుండా అందులోంచి లాగిన వైరు ఒరుసుకుని రాగి బయటపడింది. ఎర్త్ అని చెప్పి ఒక వైరును మట్టిలోకి దోపారు, అంతే. చివర ఏమీ లేదు.

కొత్త మోటారు తెచ్చేటప్పుడు ఈ రెండూ నా మనసులో ఉన్నాయి. అందుకే మోటారు ధర దగ్గర బేరం చేశాను గానీ, పైపులు, తాడు, కేబుల్, స్టార్టర్, ఎర్తింగ్ దగ్గర రూపాయి కూడా తగ్గించలేదు.

పైపుల సంగతి. ఈసారి చతురస్రపు మరలు, లోపల రబ్బరు రింగు ఉండే యూపీవీసీ కాలమ్ పైపులు తీసుకున్నాను. 3 మీటర్ల ముక్కలు, మొత్తం 24. జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, చెడ్డదని కాదు. కానీ రెండంగుళాల జీఐ పైపు 20 అడుగుల ముక్క దాదాపు 30 కిలోలు ఉంటుంది. 240 అడుగులకు పైపులే 360 కిలోలు, లోపల నిలిచే నీళ్లు ఇంకో 160 కిలోలు, ఆపైన మోటారు, పంపు. క్లాంపు జారితే అంత బరువును ఏ మనిషీ ఆపలేడు. దాని కన్నా పెద్ద భయం ఇంకొకటి. మా బోరుకు కొద్ది దూరంలోనే 11 కేవీ లైను పోతుంది. 20 అడుగుల ఇనుప పైపును మూడుకాళ్ల స్టాండు కింద నిలబెట్టేటప్పుడు ఒక్కసారి అటు వాలితే చాలు. బోరు దగ్గర చనిపోయినవాళ్ల కబుర్లలో ఇలా పైపు తీగకు తగిలినవి చాలా విన్నాను. పది అడుగుల పైపులైనా సరే, ఆ రోజు లైన్‌మెన్‌ను పిలిపించి లైను ఆపించాకే పని మొదలుపెట్టాం. ఒక పూట ఆలస్యమైంది, అయితే అయింది.

ఈ పైపులను బిగించేటప్పుడు గ్రీజు, నూనె రాయకూడదు, రబ్బరు రింగు పాడవుతుంది. సబ్బు నీళ్లు చాలు. పెద్ద రెంచి వేసి బలం కొద్దీ తిప్పితే మర పగులుతుంది కాబట్టి బెల్టు రెంచితో బిగించాం. పంపు తలకూ చివరి పైపుకూ మధ్య ఉండే అడాప్టర్ స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకున్నాను. మొత్తం బరువు దాని మీదే కాబట్టి అక్కడ చవక సరుకు పనికిరాదు. పంపుకు విడిగా స్టీలు తాడు కట్టి, పైన బోరు ప్లేటుకు బిగించాం. మోటారును కేబుల్ పట్టుకుని లేపడం, దించడం ఎప్పుడూ చేయకూడదు. ప్రతి పైపు దగ్గరా కేబుల్‌కు క్లిప్పు వేశాం, కొద్దిగా వదులుగా, ఎక్కడా బిగుసుకోకుండా.

దించే ముందు చేసిన ఒక పని చాలామంది మర్చిపోతారు. ఇది నీళ్లు నింపే రకం మోటారు. రెండు ప్లగ్గులు విప్పి, శుభ్రమైన తాగే నీళ్లు పోస్తూ, మోటారును అటూ ఇటూ ఊపుతూ బుడగలు ఆగేదాకా నింపాలి. లోపల గాలి మిగిలితే బేరింగుకు నీళ్లు అందవు. నీళ్లే అక్కడ నూనె పని చేస్తాయి. ఆ తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు లీకవుతుందో లేదో చూసే మీటరు) వైండింగ్‌కూ బాడీకీ మధ్య చూశాం. కేబుల్ జాయింటు వేశాక, దాన్ని బకెట్ నీళ్లలో ముంచి మళ్లీ చూశాం. ప్రతి ఐదు పైపులకూ ఒకసారి చూస్తుంటే మేస్త్రికి విసుగొచ్చింది. "ఇట్లయితే రాత్రి అయితది తమ్మీ" అన్నాడు. పదిహేనో పైపు దగ్గర రీడింగు ఒక్కసారిగా పడిపోయింది. ఐదు పైపులు పైకి తీస్తే, బోరు పైభాగంలో దించే కేసింగు పైపు అంచు దగ్గర కేబుల్ గీసుకుపోయి కనిపించింది. అది చూడకుండా దించి ఉంటే మొదటి వారంలోనే మోటారు కాలేది. తర్వాత ఆయన కూడా మెగ్గర్ కొనుక్కున్నాడు.

అడుగుకు దించాలని అందరికీ ఆశ ఉంటుంది. లోతుకు పోయినకొద్దీ నీళ్లు ఎక్కువని అనుకుంటారు. కానీ మోటారును చల్లబరిచేది దాని పక్కనుంచి పారే నీళ్లే. అడుగున బురదలో కూరుకుపోతే వేడెక్కి వైండింగ్ పోతుంది. వేసవిలో మా బోరు నీటిమట్టం 200 అడుగుల దాకా దిగుతుంది. అందుకే 240 దగ్గర ఉంచాం. పంపులో స్టేజీలు (ఒకదాని మీద ఒకటి ఉండే ఇంపెల్లర్ల వరసలు) కూడా ఆ లోతుకు తగ్గట్టే తీసుకోవాలి. అదే హెచ్‌పీలో 500 అడుగులకు సరిపోయే పంపు తెచ్చి 200 అడుగుల్లో వేస్తే ధర ఎక్కువ, నీళ్లు తక్కువ.

పైన బోరు ప్లేటు, బెండు, ప్రెషర్ గేజి, గాలి వాల్వు, నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు, గేట్ వాల్వు, ఆ తర్వాత డ్రిప్ ఫిల్టరు, ఇదీ వరుస. డెలివరీ పైపును రెండడుగుల లోతున పూడ్చాం, ఎండకు పీవీసీ పెళుసుబారుతుంది కాబట్టి. మలుపు దగ్గర చిన్న కాంక్రీటు దిమ్మ కట్టాం. మొదటి ఏడాది అది లేక జాయింటు రెండుసార్లు ఊడింది.

ఇక స్టార్టర్ డబ్బా. నా దృష్టిలో మొత్తం పనిలో అతి ముఖ్యమైనది ఇదే. దీని ఎర్తింగ్ కోసం ఎనిమిది అడుగుల జీఐ పైపులు రెండు, పది అడుగుల దూరంలో, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పాతాం. వేసవిలో వారానికోసారి గుంతల్లో నీళ్లు పోస్తాం. అయితే ఎర్తింగ్ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదని తర్వాత తెలిసింది. ఎండిన నేలలో ఎర్త్ నిరోధం పది ఓమ్‌లు ఉందనుకోండి, 230 వోల్టులకు పారేది 23 ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఫ్యూజు దానికి కాలదు, డబ్బా మాత్రం కరెంటుతోనే ఉంటుంది. అందుకే 2021లో కరెంటు కాస్త లీకైనా లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టించాను. ముందే పెట్టించాల్సింది. ఆ మధ్యలో గడిచిన ఐదేళ్లు తలచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను నేమ్ ప్లేటు మీదున్న 9.5 ఆంపియర్ల దగ్గరే ఉంచాను. ట్రిప్ అవుతోందని మెకానిక్‌కు చెబితే, చాలామంది చేసేది దాన్ని 12కో 13కో తిప్పేయడం. అప్పటికి మోటారు ఆగకుండా నడుస్తుంది, ఆ వేసవిలోనే కాలుతుంది. ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేకుండా త్రీ ఫేజు మోటారు నడపనే కూడదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్క ఫ్యూజు పోయినా మిగతా రెండు ఫేజుల మీద మోటారు గునుస్తూ నిమిషాల్లో కాలిపోతుంది. ఆ ఫ్యూజు మార్చడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కవద్దని మా ఊరి పిల్లలకు ప్రతి వేసవిలో చెబుతాను. 1912కు ఫోన్ చేసి, లైన్‌మెన్ వచ్చేదాకా ఆగండి. తోట రెండు రోజులు తడవకపోతే చచ్చిపోదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. అప్పుడే ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును వాటంతటవే వేసేవి) తీసేయమన్నారు. నేను తీసేశాను. కరెంటు పోయి రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం ఒకటి. డబ్బాలో చెయ్యి పెట్టినవాడి గతి ఇంకొకటి. ఇప్పుడు ఫోనుతో నడిపే స్టార్టర్లు వచ్చాయి, మా తమ్ముడు పెట్టుకుందామంటాడు. పైపుల దగ్గర ఎవరున్నారో చూడకుండా ఊళ్లోంచి మోటారు వేయడం నాకు ఇష్టం లేదు. ఏ రిపేరు చేసినా ముందు మెయిన్ దించి, ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి జేబులో వేసుకుంటాను.

పని తీరు ఎలా ఉందో కొలతతోనే చెబుతాను. 200 లీటర్ల డ్రమ్ము 2016లో 80 సెకన్లలో నిండేది. 2021 నాటికి 96 సెకన్లు పట్టింది. పంపు విప్పితే ఇంపెల్లర్ల మీద తెల్లటి సున్నపు పొర, ఇసుకకు అరిగిన అంచులు కనిపించాయి. మార్చాక 82కు వచ్చింది, ఇప్పుడు 88. నెలకోసారి డ్రమ్ము పెట్టి చూస్తాను, దాని పక్కన ఆంపియర్లు రాస్తాను. 9 ఉండాల్సింది 6కు దిగితే బోరులో నీళ్లు తగ్గాయని అర్థం, వెంటనే ఆపేస్తాను. ఆపిన ఐదు నిమిషాలదాకా మళ్లీ వేయను. పంపు తలలోని వాల్వు కాస్త కారుతున్నా పైపులో నీళ్లు కిందికి దిగుతూ పంపును వెనక్కి తిప్పుతాయి. అప్పుడు మోటారు వేస్తే షాఫ్టు విరగొచ్చు.

అసంతృప్తి ఒక్కటే. 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేశాను. స్టార్టర్ నుంచి మోటారుకు మొత్తం 140 మీటర్లు. లెక్క కడితే దాదాపు 14 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఏప్రిల్‌లో 360 వోల్టులే వచ్చే మా ఊళ్లో ఆ 14 కూడా బరువే. 4 చదరపు మిల్లీమీటర్లది వేసుంటే అది 9 లోపే ఉండేది. వచ్చే ఏడు మోటారు లేపినప్పుడు కేబుల్ మొత్తం మార్చాలని నాయిన, నేను ఇప్పటికే అనుకున్నాం.