కాఫీ, పుస్తకాలు, కుర్చీలు

పుస్తకాలూ కాఫీ రెండూ దొరికే షాపుల్లో, రచయితల మాటలు వినడానికి ఏది బాగుంటుందో నేను చూసినవాటిని బట్టి చెప్తాను. పారిస్‌లో షేక్‌స్పియర్ అండ్ కంపెనీ అనే పుస్తకాల షాపుకి వెళ్తే తలుపులు తీసే వేళకే వెళ్లండి, ఆలస్యమైతే బయట క్యూలో నిలబడాల్సిందే. 1951లో జార్జ్ విట్‌మన్ పెట్టిన షాపు ఇది, సేన్ నది ఒడ్డున, నోత్రదామ్ ఎదురుగా ఉంటుంది. లోపల ఫోటోలు తియ్యనివ్వరు, నాకు అదే నచ్చింది, అందరూ ఫోన్లు వదిలేసి పుస్తకాలే చూస్తుంటారు. మేడ మీద గదిలో ఉన్నవి అమ్మకానికి కావు, ఎవరైనా తీసుకుని అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. ఊళ్లు తిరిగే యువ రచయితలకు ఆ అరల మధ్యే పడుకోవడానికి చోటిచ్చి, బదులుగా షాపులో కాస్త పని చెయ్యమని, రోజుకో పుస్తకం చదవమని అడిగేవారట విట్‌మన్. కేఫ్ మాత్రం 2015లో వచ్చింది, అదీ పక్కన వేరే గదిలో. అంటే కాఫీ కావాలంటే పుస్తకాలు వదిలి బయటికి రావాలి.

వాషింగ్టన్‌లో డ్యూపాంట్ సర్కిల్ దగ్గర క్రేమర్స్ అలా కాదు, 1976 నుంచి తిండీ పుస్తకాలూ ఒకే కప్పు కింద. స్నేహితులతో కబుర్లకు అది బాగుంటుంది. న్యూయార్క్‌లో హౌసింగ్ వర్క్స్ షాపులో పుస్తకాలన్నీ ఎవరో ఇచ్చినవే, పనిచేసేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు, వచ్చిన డబ్బు హెచ్ఐవీతో బతుకుతున్న, ఇల్లు లేని మనుషులకు వెళ్తుంది. అక్కడ పుస్తకం కొంటే మనసుకు హాయిగా ఉంటుంది.

ఒకచోట మాత్రం చాలా బాధేసింది. పేరు చెప్పను. కవి చదువుతుంటే పక్కనే కాఫీ మెషీన్ చప్పుడు, ఎవరూ ఆపలేదు, వెనక కూర్చున్న మాకు సగం కవితలు వినపడనే లేదు.

అందుకే నా ఓటు వాషింగ్టన్‌లోని పాలిటిక్స్ అండ్ ప్రోజ్‌కి. 1984లో మొదలైన ఈ షాపులో కేఫ్ కింది అంతస్తులో ఉంటుంది, రచయితల సభలు పైన, పుస్తకాల మధ్యే కుర్చీలు వేసి జరుపుతారు, మాట్లాడాక ప్రశ్నలకు బోలెడు టైమిస్తారు. మీరు కొత్తవాళ్లయినా మైకు దగ్గరికి వెళ్లి అడగొచ్చు. సభ అయ్యాక కుర్చీలు మడిచి అరలకు ఆనించమంటారు. నేనూ మడిచాను, పక్కన కూర్చున్న పెద్దావిడ తన కుర్చీ కూడా నాకందించి, ఇందాక నేనడిగిన ప్రశ్న గురించి మాట మొదలుపెట్టారు, ఆ మాటల్లోనే ఇద్దరం కిందికి కాఫీకి దిగాం.