బోర్డు ఉంది కానీ...

గుంటూరు బ్రాడీపేటలో మా సందు చివర సెలూన్. అద్దం పైన 'రాజకీయాలు మాట్లాడరాదు' అని బోర్డు. మొదలుపెట్టేది మాత్రం ఓనరే. సబ్బు రాసి, కత్తి గొంతు మీద పెట్టి, "ఏం సార్, అమరావతా, మూడు రాజధానులా?" అంటాడు. ఆ స్థితిలో ఎవరేం చెబుతారు? మూడు రాజధానుల చట్టాన్ని 2021లోనే రద్దు చేశారు, ఇక్కడ మాత్రం వాదన నడుస్తూనే ఉంది.

మొన్న తిరుమల లడ్డూ మీదికి మళ్లింది. బెంచీ మీది పెద్దాయనకు జవాబిచ్చే ఊపులో నా ఎడమ చెంప జుట్టు అరంగుళం పైకి లేచింది. కుడివైపు కూడా సరిచేయమంటే, "ఒక్క నిమిషం సార్, ఈయన సంగతి తేల్చి వస్తా" అన్నాడు.

పనితనం మంచిదే, రేటూ తక్కువే. ఏడింటికల్లా వెళ్లండి, పేపర్ రాకముందే.