ఇన్‌టేక్ కిట్లు: పవర్ ఇచ్చేదేది, శబ్దం మాత్రమే ఇచ్చేదేది

పర్ఫార్మెన్స్ కారులో చాలామంది మొదట మార్చేది ఎయిర్ ఫిల్టరే. విప్పడం తేలిక, మార్చగానే ఇంజిన్ గొంతు మారుతుంది, దాంతో పవర్ కూడా పెరిగినట్టే ఉంటుంది. చెవికి తెలిసిన ఆ తేడా చక్రాల దాకా వచ్చిందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది.

ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే ఈ ఇన్‌టేక్ కిట్లలో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు: కంపెనీ బాక్సులోనే పట్టే ప్యానెల్ ఫిల్టర్, బాక్సు తీసేసి పైపు చివర బిగించే ఓపెన్ కోన్, మూతతో సహా వచ్చే క్లోజ్డ్ బాక్సు కిట్. ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించని కారుకు మా ఓటు ప్యానెల్‌కే. టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే పరికరం) ఉన్న కారుకు ట్యూన్ చేయించేటట్టయితే క్లోజ్డ్ బాక్సు. రోడ్డు మీద తిరిగే కారుకు ఓపెన్ కోన్ వద్దు.

డబ్బు పెట్టేముందు ఒక కొలత తీసుకోండి. టర్బో లేని ఇంజిన్‌కు ఓబీడీ స్కానర్ (కారు సెన్సర్ల రీడింగులు చూపే పరికరం) చాలు. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ప్రెషర్ చూస్తే అది బయటి గాలి ప్రెషర్. ఆ తర్వాత డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఫుల్ త్రాటిల్‌తో రెడ్‌లైన్ (ఇంజిన్ ఆర్‌పీఎం హద్దు) దాకా లాగి, అదే రీడింగ్ లాగ్ చేయండి. మొదట 100 కిలోపాస్కల్స్ ఉండి రెడ్‌లైన్ దగ్గర 97కు పడితే, ఫిల్టర్, బాక్సు, పైపులు, త్రాటిల్ బాడీ అన్నీ కలిపి తింటున్నది 3 శాతమే. 200 హార్స్‌పవర్ ఇంజిన్‌లో అది సుమారు 6. ఫిల్టర్ ఒక్కటే మార్చి ఆ 6 మొత్తం రాబట్టడం కుదరదు. అలాంటి ఇంజిన్‌కు 15 హార్స్‌పవర్ పెరుగుతుందని డబ్బా మీద రాసి ఉంటే నమ్మకండి. ఇంకో సంగతి: ఈ కొలతకు ముందు కొత్త పేపర్ ఫిల్టర్ వేయండి. దుమ్ము పట్టిన పాతదానితో పోల్చి చూపించే లాభంలో చాలా భాగం మామూలు కొత్త ఫిల్టర్‌తోనే వచ్చేస్తుంది.

టర్బో ఇంజిన్ లెక్క వేరు. 2 లీటర్ల ఇంజిన్ 6,500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 6.5 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది. 1 బార్ బూస్ట్ (టర్బో పెంచే గాలి ప్రెషర్) ఉంటే ఫిల్టర్ గుండా పోయేది దాదాపు రెట్టింపు. అందుకే ఇక్కడ ఇన్‌టేక్ అడ్డు ఎక్కువ బాధిస్తుంది. కొలవాల్సింది ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య పైపులో, డిఫరెన్షియల్ ప్రెషర్ గేజ్‌తో. అయితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) తనకు చెప్పిన బూస్ట్‌నే పట్టుకుని ఉంటుంది. అడ్డు తగ్గితే టర్బో అదే బూస్ట్‌ను తక్కువ శ్రమతో, కాస్త ముందుగా ఇస్తుంది. టాప్ పవర్ బాగా పెరగాలంటే ట్యూన్‌లో బూస్ట్, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మార్చాల్సిందే.

ప్యానెళ్లలో రెండు తరహాలు. కే అండ్ ఎన్ తరహా ఆయిల్ పూసిన కాటన్, ఏఈఎం డ్రైఫ్లో తరహా పొడి సింథటిక్. కాటన్‌లో గాలి ధారాళంగా పోతుంది కానీ సన్నటి దుమ్మును మంచి పేపర్ ఆపినంతగా ఆపదు. దుమ్ము రోడ్ల మీద తిరిగే కారుకు మేం డ్రై ఫిల్టర్‌నే ఎంచుకుంటాం. కంపెనీ ఐఎస్ఓ 5011 (ఎయిర్ ఫిల్టర్లకు ప్రామాణిక పరీక్ష) ఫలితాలు ఇస్తే ఫ్లో ఒక్కటే చూడకండి. ఎంత దుమ్ము ఆపింది, ఎంత దుమ్ము పట్టాక మూసుకుపోయింది అన్నవీ చూడాలి.

కాటన్ ఫిల్టర్ పాడయ్యేది ఎక్కువగా కడిగేటప్పుడే. క్లీనర్ కొట్టాక శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు చల్లటి నీళ్లు నెమ్మదిగా వదలాలి. కంప్రెసర్ గాలి, హీటర్ వద్దు. దానంతటదే పూర్తిగా ఆరాకే ఆయిల్. ఒక్కో మడతకు ఒక్క గీత చాలు. 20 నిమిషాలు ఆగి, తెల్లగా మిగిలిన చోట మాత్రమే ఇంకాస్త. ఆయిల్ కారేంత పూస్తే ఎంఏఎఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచేది) తీగ మీద పొర కడుతుంది, రీడింగ్ తప్పుతుంది. అప్పుడు వాడాల్సింది ఎంఏఎఫ్ క్లీనర్ స్ప్రే మాత్రమే, కార్బ్ క్లీనర్ కాదు. తీగను వేలితోనో దూదితోనో ముట్టుకోవద్దు.

ఓపెన్ కోన్ డైనో మీద బాగానే కనిపిస్తుంది. బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి నడుపుతారు కదా. బానెట్ మూసి ట్రాఫిక్‌లో నిలబడితే అది పీల్చేది రేడియేటర్ వెనకాల వేడి గాలి. బయట 35 డిగ్రీలు, లోపల 65 ఉంటే గాలి సాంద్రత దాదాపు 9 శాతం తక్కువ. దానికి తోడు ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతుంది. ఫిల్టర్‌తో వచ్చే 2, 3 శాతం అక్కడే పోతుంది. ఫిల్టర్‌ను బంపర్ కిందికి దించే కిట్లు చల్లటి గాలి ఇస్తాయి కానీ, నీళ్లు నిలిచిన రోడ్డులో ఆ నీళ్లు పీలిస్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

క్లోజ్డ్ బాక్సులో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఎంఏఎఫ్ పైపు లోపలి వ్యాసం. 70 మిల్లీమీటర్ల చోట 76 పెడితే వైశాల్యం 18 శాతం పెరుగుతుంది. తీగ దగ్గర గాలి వేగం సుమారు 15 శాతం తగ్గి, సెన్సర్ తక్కువ గాలి చూపిస్తుంది. మామూలు నడకలో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనంలో చేసే సర్దుబాటు) కొంత సర్దుతుంది. ఫుల్ త్రాటిల్‌లో మాత్రం మిక్చర్ లీన్ అవుతుంది (గాలికి తగ్గ ఇంధనం అందదు), లోడ్ తక్కువనుకుని ఈసీయూ టైమింగ్ కూడా ముందుకు జరుపుతుంది. నాకింగ్ (మిక్చర్ అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ రింగ్ ల్యాండ్‌లు (రింగుల మధ్య గట్లు) విరిగేది ఇలాగే. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ లాంటి, ఎంఏఎఫ్ మీద ఆధారపడే టర్బో కార్లలో వ్యాసం మారితే ట్యూన్ లేకుండా కారు తీయకండి.

బిగించేటప్పుడు సెన్సర్ మీది బాణం గుర్తు గాలి పోయే దిక్కుకే ఉండాలి, ఓ-రింగ్ మెలిపడకూడదు. బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లు తెచ్చేది), రీసర్క్యులేషన్ వాల్వ్ పైపు (టర్బో మిగులు గాలిని వెనక్కి తెచ్చేది) ఎంఏఎఫ్ తర్వాతే కలవాలి. ప్యానెల్ అయితే బాక్సు అంచుకు పల్చగా గ్రీజు రాసి, మూసి, మళ్లీ తెరవండి. సీల్ మీద గ్రీజు గీత చుట్టూ తెగకుండా పడిందంటే సరిగ్గా కూర్చున్నట్టు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్ అవతలి పైపును తెల్ల గుడ్డతో తుడవండి. దుమ్ము అంటితే ఆ ఫిల్టర్ తీసేయండి, ఆ దుమ్ము టర్బో కంప్రెసర్ బ్లేడ్ల అంచులను అరగదీస్తుంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ పాతదానికి 5 శాతం లోపలే ఉంటే సరే. ప్లస్ 10 దాటినా, పీ0171 కోడ్ (మిక్చర్ లీన్ అయిందని చెప్పేది) పడినా ముందు క్లాంపులు, తర్వాత సెన్సర్ పైపు వ్యాసం చూడండి.