గుంతలు తీసే మిషన్ కొనేవాళ్లకు హెచ్చరిక: "పవర్ పెంచి ఇచ్చిన" అంటే ఆ మిషన్ ముట్టుకోకండి

వరంగల్ చుట్టుపక్కల కడీలు పాతడానికో, మొక్కలు పెట్టడానికో పెట్రోల్ మిషన్ కొందామనుకుంటున్న రైతులందరూ ఇది పూర్తిగా చదవండి. షాపువాళ్లు ఇంజన్ స్పీడును అదుపులో ఉంచే గవర్నర్‌ను కెలికి, ఇంజన్‌ను గట్టిగా అరిపించి, అదే పవర్ అని చూపించి అమ్ముతున్నారు. మాకు అంటగట్టింది అలాంటి మిషనే.

మేము కొన్నది చక్రాల మీద తోసుకెళ్లే రకం, 212 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్. కోతులు, అడవిపందుల బాధ పడలేక మామిడి తోట చుట్టూ కంచె వేద్దామని తీసుకున్నాం. డెమోలో "కంపెనీ సెట్టింగ్‌ల దమ్ముండదు అన్నా, నేను ఓపెన్ చేసి ఇచ్చిన. మొరంల కూడా వెన్నలెక్క దిగుతది" అన్నాడు షాపాయన. చెలకలో దించేసరికి ఇంజన్ ఒక్క తీరుగా నడవలేదు. స్పీడు లేస్తుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. తిరిగి షాపుకు తీసుకెళ్తే వాళ్ల మెకానిక్ కార్బొరేటర్ స్క్రూ తిప్పి, గవర్నర్ స్ప్రింగ్‌ను ఇంకా బిగించి పంపాడు. ఆ తర్వాత ఒక గుంత పూర్తి చేసి బిట్టు (మట్టి తొలిచే మర) పైకి లేపుతుండగా ఇంజన్ ఒక్కసారిగా కేక పెట్టి ఠప్పుమని ఆగిపోయింది. పిస్టన్‌ను షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజన్ కేసుకు బొక్క పడింది, ఆయిల్ అంతా నేలపాలు. పక్కనున్న మా తమ్ముడికి దెబ్బ తగలకపోవడం మా అదృష్టం. షాపులో అడిగితే "సెట్టింగ్ మీరే మార్చిర్రు, గ్యారంటీ రాదు" అన్నారు.

అసలు గవర్నర్ ఎందుకుందో తెలిస్తే ఈ మోసం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. లోడ్ పడి స్పీడు తగ్గితే థ్రాటిల్ (ఇంజన్‌కు గాలి, పెట్రోల్ పోయే దారి) తెరుస్తుంది, లోడ్ పోతే మూస్తుంది. చలి దేశాల్లో గడ్డకట్టిన చెరువుల మీద చేపలు పట్టేవాళ్లు మంచుకు రంధ్రం వేసే మిషన్లు కూడా ఇలాంటి చిన్న ఇంజన్లతోనే నడుస్తాయి. మంచు దాటి బిట్టు నీళ్లలోకి దిగగానే లోడ్ మొత్తం పోతుంది. ఆ క్షణంలో థ్రాటిల్ మూయాల్సింది గవర్నరే. మన దగ్గర బిట్టు పైకి లేపినప్పుడు జరిగేదీ అదే. ఈ రకం ఇంజన్లకు మామూలుగా 3,600 ఆర్‌పీఎం (నిమిషానికి తిరుగుళ్లు) చుట్టుపక్కలే హద్దు. అది 5,000కి పోతే రాడ్ మీద గుంజుడు దాదాపు రెట్టింపవుతుంది. స్ప్రింగ్ బిగిస్తే పవర్ పెరగదు, ఇంజన్‌కు ఉన్న రక్షణ పోతుంది.

ఇంకో సంగతి. స్పీడు లేస్తూ పడుతూ ఉంటే మెకానిక్‌లు ముందు గవర్నర్ మీదే పడతారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. చోక్ (గాలి తగ్గించే మూత) కొద్దిగా మూసి చూడండి. ఇంజన్ నిలకడగా నడిస్తే పెట్రోల్ చాలట్లేదని అర్థం. కార్బొరేటర్‌లో తక్కువ స్పీడుకు పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ సన్న రంధ్రంలో మడ్డి చేరి ఉంటుంది, లేదా గ్యాస్కెట్ దగ్గర గాలి లాగుతుంటుంది. జెట్ విప్పి కడిగితే పోయే సమస్య అది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం దాకా కలిసిన పెట్రోల్. అది తేమ లాగుతుంది కాబట్టి, సీజన్ అయిపోయాక ట్యాంకు, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టాలి. పైగా మా ఇంజన్ కార్బొరేటర్‌లో లోడ్ మీద పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ ఫిక్స్‌డ్, తిప్పడానికి స్క్రూనే లేదు. ఉన్న చిన్న పైలట్ స్క్రూ ఐడిల్ (లోడ్ లేకుండా నెమ్మదిగా నడవడం) కోసం. దాన్ని తిప్పి పవర్ తెస్తామంటే అబద్ధమే.

కొనేముందు ఇంజన్ ఆపి, ట్యాంకు కింద గవర్నర్ ఆర్మ్ దగ్గర టార్చ్ వేసి చూడండి. హై స్పీడ్ లిమిట్ స్క్రూ మీద కంపెనీ పెయింట్ చుక్క ఉంటే అది పగలకుండా ఉండాలి. మా మిషన్‌కు ఆ పసుపు చుక్క సగానికి చీలి ఉంది. స్ప్రింగ్ కొక్కెం మీద పట్టకారు గీతలు, చుట్ల మధ్య సందులు కనిపించాయంటే దాన్ని సాగదీశారన్నమాట. ఆర్మ్ నట్టు విప్పిన గుర్తులున్నా అనుమానించండి. ఆ నట్టు విప్పితే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, లోపలి షాఫ్ట్‌ను అదే వైపు ఆగేదాకా తిప్పి బిగించాలి. అటూ ఇటూ అయితే గవర్నర్ ఉన్నా లేనట్టే.

ప్లగ్ వైరుకు చుట్టే ఆర్‌పీఎం మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒకటి వెంట తీసుకెళ్లండి. ఫోర్ స్ట్రోక్‌కు రెండు తిరుగుళ్లకు ఒక స్పార్క్ చాలు, కానీ ఈ ఇంజన్లలో ప్రతి తిరుగుడుకీ స్పార్క్ వస్తుంది. మీటర్‌ను అలాగే సెట్ చేయాలి, లేకపోతే రెట్టింపు చూపిస్తుంది. లోడ్ లేకుండా ఫుల్ థ్రాటిల్‌లో 4,000 దాటితే తీసుకోకండి. షాపు ముందు కాదు, నేలలో దించి చూపించమనండి. బిట్టు దిగేటప్పుడు శబ్దం కొద్దిగా కుంగి వెంటనే కోలుకోవాలి, పైకి లేపినప్పుడు క్షణం లేచి సర్దుకోవాలి.

బిల్లు మీద ఇంజన్ నంబర్, "గవర్నర్ కంపెనీ సెట్టింగ్" అన్న మాట రెండూ రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి. మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు మళ్లీ స్టార్ట్ చేయకముందే ఆ స్ప్రింగ్, పెయింట్ చుక్క చూసుకోండి. కెలికినట్టు కనిపిస్తే దేన్నీ ముట్టుకోకుండా దగ్గరి నుంచి ఫోటోలు తీసి, బిల్లు పట్టుకుని నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అమ్మిన షాపులో మాత్రం విప్పనివ్వకండి.