వెన్నుపాము దెబ్బకి స్టెమ్ సెల్సా, రీహాబా?

కవిటి దగ్గర మా చిన్నాన్న కొబ్బరిచెట్టు మీంచి పడి ఏడాది దాటింది. నడుము కింద స్పర్శ లేదు. జీడితోట అమ్మైనా స్టెమ్ సెల్స్, అంటే వేరే కణాలుగా మారగల మూలకణాలు, ఎక్కిద్దామంటోంది పిన్ని.

ఆ ఆశ వట్టిది కాదు. చేతిలో నరం తెగితే కొంతైనా పెరుగుతుంది. వెన్నుపాములో అలా కాదు, గాయం చుట్టూ మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. అక్కడ కొత్త కణాలు నాటడమే ఈ చికిత్స. జపాన్‌లో కెయో యూనివర్సిటీ వాళ్లు 2021 నుంచి ఐపీఎస్ కణాలతో (మామూలు కణాలను మార్చి చేసిన మూలకణాలతో) తయారైన నాడీ మూలకణాలను నలుగురికి ఎక్కించారు. ఇద్దరిలో కదలిక మెరుగైందని 2025లో చెప్పారు. కానీ వాళ్లవి కొన్ని వారాల గాయాలు, చిన్నాన్నది పాతది. పైగా నలుగురే కదా! మన దేశంలో 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి ట్రయల్‌లోనే, అంటే అనుమతి ఉన్న పరిశోధనలోనే చేయాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మరి లక్షలు అడిగేవాళ్లని ఎలా నమ్మాలి?

రీహాబ్ అంటే ఉన్న శక్తితో బతకడం నేర్పే శిక్షణ, సంరక్షణ. అది తెగిన నరాన్ని అతికించదు. ఆ మాట పిన్నికి దాచకుండా చెప్పాను. కానీ రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే పుండ్లు పడవు. నాలుగైదు గంటలకోసారి శుభ్రంగా ట్యూబ్‌తో మూత్రం తీస్తే కిడ్నీలు నిలుస్తాయి. మొన్న మంచానికి వీల్‌చైర్ ఆనించి, మధ్యలో నున్నటి చెక్క వేస్తే, చేతుల మీద బరువు మోపి చిన్నాన్న తనే జరిగాడు. ఒళ్లంతా చెమట, ముఖంలో నవ్వు.

డబ్బు అడగని ట్రయల్ దొరికితే నేనే తీసుకెళ్తాను. తోట మాత్రం అమ్మొద్దన్నాను. గడప దగ్గర ర్యాంప్ కట్టడానికి రేపు మేస్త్రీ వస్తున్నాడు.